పాత బండి కొనబోయి...

నాన్నగారి మోకాళ్ళకు ఎత్తు సీటు సులువని, ప్రార్థించుకొని, 2013 నాటి డీజిల్ డస్టర్ ఒకటి చూడబోయాము. చేతిలో ఉన్నది అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము. బండి నిగనిగలాడుతోంది. వెంట వచ్చిన మెకానిక్ గారు రంగు వైపు చూడనే లేదు. చల్లారిన ఇంజను స్టార్టు చేయించి పొగ చూశారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగారు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడవుతుందట. మార్చిన బిల్లు లేదు. సి బుక్కు గడువు 15 ఏళ్ళు, అంటే 2028 వరకే. పైగా అందులో ఫైనాన్సు ఇంకా కొట్టివేయలేదు.

కొనేవారి బేరపు మాటల సంగతి సామెతలు 20:14లో ఉన్నదే. మేము బండిని తూలనాడలేదు. బెల్టు ఖర్చు తగ్గించమని, ఫైనాన్సు తీరిన కాగితం చూపాకే డబ్బిస్తామని చెప్పాము. ఆయన ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం కూడా నాన్నగారిని ఆటోలోనే ఆరాధనకు తీసుకువెళ్ళాము.