నోరా ఆ ఊళ్లో ఎందుకు ఉండిపోలేదు?

ఒక సరదా ప్రేమ నవల. దాని ముగింపు నచ్చి కొందరు పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు, అదే ముగింపు మింగుడుపడక కొందరు మూలన పడేశారు.

‘‘ఈసారి కవర్‌కి కాస్త తేలికైనది చూడండి. ప్రేమ నవలలు చదివేవాళ్లు ఏమనుకుంటున్నారో రాసినా సరే’’ అన్నారు ఎడిటర్‌గారు. గురువారం రాత్రికి పేజీలు ప్రెస్సుకెళ్లాలి.

ప్రేమ నవలలంటే నాకు చిన్నచూపేమీ లేదు. అద్దె పుస్తకాల షాపు బెంచీ మీదే సగం చదివేసి, ఇంటికి తీసుకెళ్లే సగానికే అద్దె కడతానని బేరమాడిన వయసు నాకూ ఉంది. నా అనుమానమంతా చిన్న ఊళ్ల మీద. అమెరికన్ ప్రేమ నవలల్లో చిన్న ఊరు సర్వరోగ నివారిణి లాంటిది. పట్నంలో పని ఒత్తిడా, తెగిపోయిన నిశ్చితార్థమా, ఏ బాధతో వెళ్లినా సరే. అక్కడో బేకరీ ఉంటుంది, గడ్డం పెంచుకున్న మంచి మనిషొకడు ఉంటాడు, సెలవులు అయిపోయేలోపు నయమైపోతుంది. నేను పుట్టి పెరిగింది చిన్న ఊళ్లోనే. అక్కడ ఎవరికైనా ప్రేమ పుట్టకముందే ఆ సంగతి కిరాణా కొట్టుకి చేరిపోతుంది. అందుకే ఈ రకం నవలల్లో పాఠకులు గట్టిగా తగువుపడ్డ పుస్తకం కోసం వెతికాను. ఎమిలీ హెన్రీ రాసిన ‘బుక్ లవర్స్’ దొరికింది.

2022 మేలో వచ్చిందీ నవల. నాయిక నోరా స్టీఫెన్స్ న్యూయార్క్‌లో లిటరరీ ఏజెంటు. అంటే రచయితల తరఫున ప్రచురణకర్తలతో బేరమాడే మనిషి. పనిలో పులి. ఆమెను ప్రేమించినవాళ్లకో జబ్బుంది: ఆఫీసు పని మీద ఏదో చిన్న ఊరికి వెళతారు, అక్కడి అమ్మాయిని చూస్తారు, ఇక తిరిగిరానని ఫోన్ చేస్తారు. నవల మొదలయ్యేది కూడా టెక్సస్ నుంచి వచ్చిన అలాంటి ఫోనుతోనే. హాల్‌మార్క్ తరహా టీవీ సినిమాలు చూసినవాళ్లకు ఈ అమ్మాయి తెలుసు. హీరో మొదటి పది నిమిషాల్లో వదిలేసి వెళ్లిపోయే పట్నం పిల్ల, హైహీల్సూ, చెవిలో ఫోనూ. ఆ పిల్ల తర్వాత ఏమవుతుందన్న ఆలోచనే ఈ నవలకి మూలమని హెన్రీ చెప్పారు. ఆ ఒక్క ఆలోచనకే నేను సగం పడిపోయాను.

నోరాకి లిబ్బీ అని చెల్లెలు. ఇద్దరు పిల్లల తల్లి, మళ్లీ గర్భవతి. తల్లి పోయాక ఈ చెల్లెల్ని చూసుకున్నది నోరాయే. ఆగస్టు నెలంతా నార్త్ కరోలినాలోని సన్‌షైన్ ఫాల్స్ అనే ఊళ్లో గడుపుదాం రమ్మంటుంది లిబ్బీ. ఆషెవిల్ దగ్గర కొండల్లో ఉన్నట్టు రచయిత్రి కల్పించిన ఊరది. ఎందుకా ఊరే? నోరా చేతుల మీదుగా అచ్చయి బాగా అమ్ముడుపోయిన ఒక నవల అక్కడ జరుగుతుంది కాబట్టి.

బయల్దేరే ముందు లిబ్బీ ఒక జాబితా రాసుకొస్తుంది. ఈ కథనానికి కావలసింది నాకు దొరికింది అందులోనే.

లిబ్బీ జాబితా

ఆ నెలలో అక్కాచెల్లెళ్లు చేసి తీరాల్సిన పనులవి. గళ్ల ఫ్లానెల్ చొక్కా తొడుక్కోవాలి. ఏదైనా ఒకటి బేక్ చేయాలి. జుట్టూ వాలకం మార్చుకోవాలి. చేతులతో ఏదో ఒకటి కట్టాలి. ఊరి మగవాళ్లతో డేటింగుకి వెళ్లాలి. గుర్రమెక్కాలి. చుక్కల కింద నిద్రపోవాలి. మూతపడబోతున్న స్థానిక వ్యాపారాన్నొకదాన్ని నిలబెట్టాలి.

మొదటిసారి చదివి నవ్వుకుని పేజీ తిప్పేశాను. రెండోసారి పెన్సిలు పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా వస్తున్న చిన్న ఊరి ప్రేమ నవలలన్నీ కలిపి వడగడితే మిగిలేది ఈ జాబితానే. నవలల పిచ్చి ఉన్న ఒక పాత్ర చేత, అంటే మనలాంటి పాఠకురాలి చేత, ఆ నియమావళిని కథలోనే రాయించేసింది హెన్రీ. తర్వాత నెమ్మదిగా ఒక్కో నియమం పీక నులుముతూ పోయింది.

ముందు ఊరే మాట వినదు. నవలలో చదువుకున్న ముచ్చటైన వీధి కోసం వెళితే కనిపించేది పాత తాకట్టు కొట్టులో పెట్టిన కాఫీ షాపు. డేటింగు షరతు తీసుకోండి. ఊళ్లో షెపర్డ్ అని ఒకడున్నాడు. ఆరడుగుల మనిషి, ఇళ్లు కడతాడు, మర్యాదస్తుడు. మరే నవలలోనైనా హీరో అతనే. నోరా అతనితో బయటికి వెళుతుంది, హాయిగా కబుర్లు చెప్పుకుంటారు, గుండెలో మాత్రం ఏమీ కదలదు. ఆమె మనసు చిక్కుకున్నది షెపర్డ్ బంధువైన చార్లీ లాస్ట్రా దగ్గర. చార్లీ న్యూయార్క్‌లో ఎడిటరు, చిరాకు మనిషి. టెక్సస్ ఫోను వచ్చిన రోజునే, ఈ ఊరి మీద రాసిన ఆ నవల తనకొద్దని భోజనాల బల్ల దగ్గర నోరా మొహం మీదే చెప్పినవాడు. తీరా చూస్తే అతని సొంతూరు ఇదే. తండ్రికి పక్షవాతం రావడంతో తల్లి నడిపే పుస్తకాల షాపు చూసుకోవడానికి వచ్చి ఇరుక్కుపోయాడు. మూతపడబోతున్న వ్యాపారం అనుకున్నాం కదా, అదిదే.

జాబితాలో ఇంకో మెలిక ఉంది. లిబ్బీ ఏదో దాస్తోందని నోరా పసిగడుతుంది, చెల్లెలి కాపురం విరిగిపోతోందేమోనని హడలిపోతుంది. అసలు సంగతి వేరు: లిబ్బీ కుటుంబం న్యూయార్క్ వదిలి ఈ ఊరికే మకాం మార్చబోతోంది. ఆ మాట అక్కకి నేరుగా చెప్పే ధైర్యం లేక జాబితా రాసింది. అది తెలిశాక మళ్లీ మొదటికి వెళ్లి చదివితే గుర్రాలూ చొక్కాలూ కనబడవు, అక్కని విడిచి ఉండటానికి భయపడుతున్న ఒక చెల్లెలు కనబడుతుంది. నా మటుకు ఈ పుస్తకం మొత్తంలో గొప్ప రాత ఈ జాబితానే. ప్రేమ సన్నివేశాలు దాని తర్వాతే.

ఎవరి గోల వారిది

పాఠకుల తగువంతా ముగింపు దగ్గరే. పుస్తకం చదవబోయేవాళ్లు ఈ ముక్క దాటేయండి. నోరా ఊళ్లో ఉండిపోదు, తన పట్నానికి తాను వెళ్లిపోతుంది. పుస్తకాల షాపు లిబ్బీ చేతికి వస్తుంది. కొన్ని నెలల తర్వాత చార్లీ న్యూయార్క్ చేరతాడు.

కొందరు పాఠకులు ఇక్కడ చప్పట్లు కొట్టారు. ఉద్యోగం ఇష్టపడే ఆడది ప్రేమ కోసం ఆ ఉద్యోగాన్నే వదిలేయనక్కర్లేని ముగింపు చాలాకాలానికి చూశామన్నారు. ఇంకొందరికి ఇదే మోసంగా అనిపించింది. చిన్న ఊరి కథ అని చెప్పి చివరికి ఊరిని విడిదిగా వాడుకుని వదిలేశారని వాళ్ల ఫిర్యాదు. నేను మొదటి పక్షం. అయినా రెండో పక్షాన్ని కొట్టిపారేయలేను. వాళ్లు కొనుక్కున్నది ఊరు. అమ్మినవాళ్లు అట్ట మీద చెప్పిందీ అదే.

అక్కాచెల్లెళ్ల కథ ప్రేమకథను మింగేసిందన్నది ఇంకో విమర్శ. మింగితే మింగిందనుకుంటాను. ఇక సంభాషణలు. నోరా, చార్లీ ఒకరి మాటను ఒకరు అందుకునే వేగానికి పడి చచ్చేవాళ్లున్నారు. మరీ తెలివిగా మాట్లాడతారు, ఇద్దరి గొంతూ ఒకటే అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విసుక్కునేవాళ్లదే ఒప్పు. కొన్ని పేజీల్లో ఎవరి మాట ఎవరిదో వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

నాకు ఎక్కువ పనికొచ్చిన విమర్శ షార్లెట్‌లో ఉండే మా పిన్ని కూతురిది. నార్త్ కరోలినాలోనే ఉంటుంది, ఆషెవిల్‌కి కారులో రెండు గంటలు. అక్టోబర్లో ఆకులు రంగు మారడం చూడ్డానికి ఏటా వెళతారు.

‘‘బాగుంది అక్కా, రెండు రాత్రుల్లో లాగించేశాను. కానీ ఆ ఊళ్లో మనలాంటివాళ్లు ఎవరైనా కనిపించారా నీకు? కొండ ఊళ్లకి వెళితే నేను ముందు చూసుకునేది అదే. నోరాకి ఆ బెంగ లేదు’’ అంది.

మరి స్థానిక వ్యాపారాన్ని నిలబెట్టే షరతు సంగతేమిటి అంటే ఒక క్షణం ఆగింది. ‘‘హెలీన్ ముందు చదివుంటే నవ్వేదాన్నేమో.’’

2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను ఆ కొండల మీద విరుచుకుపడింది. ఆషెవిల్‌లో చిత్రకారుల స్టూడియోలుండే నది ఒడ్డు ప్రాంతం నీట మునిగింది. చిమ్నీ రాక్ అనే చిన్న ఊళ్లో నది దుకాణాల వీధినే ఊడ్చుకుపోయింది. ఆషెవిల్ కుళాయిల్లో మళ్లీ తాగే నీళ్లు వచ్చేసరికి ఏడు వారాలు దాటింది. ఏడాది బేరమంతా జరిగే ఆకుల కాలం అందులోనే కొట్టుకుపోయింది. నవల 2022 నాటిది, దానికీ తుపానుకీ సంబంధం లేదు నిజమే. కానీ ఆ ప్రాంతంలో కొట్టు నిలబెట్టడానికి ఏం కావాల్సి వచ్చిందో చూశాక, ఒక సాయంత్రం పుస్తకాల షాపులో జనాన్ని పోగేస్తే గండం గట్టెక్కుతుందన్న భాగం మా చెల్లెలికి ఇక మింగుడుపడదు. రెండు గంటల దూరంలో వరద చూసిన పాఠకురాలు వేసే మార్కులూ సముద్రానికి ఇవతల నుంచి చదివే నేను వేసే మార్కులూ ఒకటి కావు.

గబగబా చరిత్ర

ఇంగ్లండ్‌లో మిల్స్ అండ్ బూన్ 1908లో పుట్టింది, కెనడాలో హార్లెక్విన్ 1949లో పుట్టింది, 1971లో రెండోది మొదటిదాన్ని కొనేసింది. ఆ పుస్తకాలే మన అద్దె లైబ్రరీల దాకా వచ్చాయి. ఒక కల్పిత ఊరు, అందులో ఇంటికో ప్రేమకథ అన్న పద్ధతి అమెరికాలో బాగా పాకింది 2000 తర్వాత. డెబ్బీ మాకొంబర్ ‘సీడర్ కోవ్’ వరుస 2001లో, రాబిన్ కార్ ‘వర్జిన్ రివర్’ 2007లో మొదలయ్యాయి. రెండోదాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019 నుంచి సీరీస్‌గా తీస్తోంది. కథలో ఊరు కాలిఫోర్నియాది, షూటింగు మాత్రం కెనడాలో. స్థలం అయిపోయింది, ఈ ముక్క ఇంతే.

బాక్స్: నాక్స్ మోర్గన్ మీద రెండు మాటలు

తగువుల్లో ‘బుక్ లవర్స్’తో పోటీపడేది అదే ఏడాది జనవరిలో వచ్చిన లూసీ స్కోర్ నవల ‘థింగ్స్ వుయ్ నెవర్ గాట్ ఓవర్’. వర్జీనియాలో నాకెమౌట్ అనే కల్పిత ఊరు. పెళ్లిపీటల మీంచి పారిపోయి వచ్చిన నేయోమీ. ఆమె కారూ డబ్బూ ఎత్తుకుపోయిన కవల సోదరి. ఆ సోదరి వదిలేసిపోయిన 11 ఏళ్ల కూతురు వేలే. హీరో నాక్స్ మోర్గన్‌కి మూతి ముడుచుకోవడం వృత్తి, లాటరీ కొట్టడం అదృష్టం. బారూ, క్షౌరశాలా నడుపుతాడు. అడక్కుండానే అన్నీ చక్కబెట్టేస్తాడు, తర్వాత ‘నీ మంచి కోసమే’ అంటూ వదిలేస్తాడు. కొందరు అతన్ని గుండెల్లో పెట్టుకున్నారు, కొందరు పెత్తందారన్నారు. పుస్తకం సాగదీశారన్న మాట దగ్గర రెండు పక్షాలకీ పెద్దగా పేచీ లేదు. నేను చివరిదాకా చదివింది వేలే కోసం.

బాక్స్: మూడు నక్షత్రాలు మంచివా, చెడ్డవా?

‘గుడ్‌రీడ్స్’లో మూడు నక్షత్రాలంటే నచ్చిందని అర్థం. 2013లో దాన్ని కొనుక్కున్న అమెజాన్ తన దుకాణంలో మాత్రం మూడు నక్షత్రాల్ని విమర్శల గంపలో వేస్తుంది. మిశ్రమ స్పందన అని రాసేముందు ఏ గంపలో చూశారో అడగండి. గుడ్‌రీడ్స్ పాఠకుల ఓట్లలో 2022 ఉత్తమ ప్రేమ నవల ‘బుక్ లవర్స్’.

బాక్స్: మనకీ ఒక ఊరుంది

పట్నం పిల్ల ఊరెళ్లి మారిపోయే కథ తెలుగువాళ్లకి కొత్తేం కాదు. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ అదే. తల్లి కట్టుదిట్టాల మధ్య పెరిగిన అమ్మాయి తండ్రి పుట్టిన పల్లెకి వెళుతుంది, అక్కడ కృష్ణ ఉంటాడు. విజయనిర్మల దర్శకత్వంలో 1973లో సినిమా అయింది. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ చూసినవాళ్లకీ ఈ దారి తెలుసు. మీనాకి పల్లె ఊపిరి పోసింది, ఆ నవల చదివి పెరిగిన నాకు ఎవరైనా పట్నానికి తిరిగెళితే మొదట కాస్త దిగులేస్తుంది.

బాక్స్: ముగింపు నచ్చనివాళ్లకి

ఎమిలీ హెన్రీయే 2024లో ‘ఫన్నీ స్టోరీ’ రాశారు. మిషిగన్‌లో వేనింగ్ బే అనే కల్పిత ఊరు. కాబోయే భర్త కోసం ఆ ఊరొచ్చిన డాఫ్నీ పిల్లల లైబ్రేరియన్. అతను తన చిన్ననాటి స్నేహితురాలి వెంట వెళ్లిపోతే, ఆ స్నేహితురాలు వదిలేసిన మైల్స్‌తో ఒకే ఇంట్లో వాటాకి దిగుతుంది. ఈసారి గెలిచేది ఊరే. మా షార్లెట్ చెల్లెలికి ఇది చదవమని చెప్పాను. ‘‘లైబ్రరీ జీతంతో సరస్సు ఒడ్డున బతికేస్తారా అక్కా?’’ అని మెసేజ్ పెట్టింది. అయినా రెండు రాత్రుల్లో ఇదీ లాగించేసింది.