ఉత్తుత్తి ప్రోబ్‌తో అసలు పాఠం

కడప జిల్లాలో గుండె పట్టేసినట్టుందని ఆస్పత్రికెళ్తే ఈసీజీ తర్వాత వినబడే మాట ‘ఎకో’. జనం నోట గుండె స్కానింగు. అందులో ఏదైనా తేలితే తిరుపతికో, కర్నూలుకో, రాయవేలూరుకో బస్సెక్కాలి. 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలయ్యాక పసిబిడ్డల తల్లిదండ్రులకు దారి కాస్త దగ్గరైంది. కానీ ఏ బిడ్డను పంపాలో ముందు ఇక్కడ ఎకో ప్రోబ్ పట్టిన చెయ్యే తేల్చాలి.

ఆ చెయ్యి తయారవడమే కష్టం. ప్రోబ్ పంపే ధ్వని తరంగాలు పక్కటెముకల్నీ, ఊపిరితిత్తుల్లోని గాలినీ దాటి పోలేవు. సందు వెతుక్కుని చూడాలి. రోగిని ఎడమవైపు ఒత్తిగిల్లమని, రొమ్ముటెముక పక్కన ప్రోబ్ ఆనిస్తే గుండె నిలువుకోత కనబడుతుంది. అక్కడే 90 డిగ్రీలు తిప్పితే అడ్డుకోత. గుండె కొన దగ్గర పెడితే నాలుగు గదులూ ఒక్కసారే. చెప్పినంత తేలిక కాదు. వేలెడు పక్కకు జరిగినా తెర నిండా బూడిదరంగు చుక్కలే.

ఈ తడబాటంతా ఇన్నాళ్లూ రోగి ఛాతీ మీదే సాగింది. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి రవిక విప్పి పడుకుంటే, చుట్టూ నిలబడ్డ విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు ప్రోబ్ నొక్కుతారు. చదువు పేరు చెప్పి మనమంతా ఒప్పేసుకున్న ఇబ్బంది ఇది.

ఎకో నేర్పే సిమ్యులేటర్‌తో ఆ మొదటి తప్పులు బొమ్మ మీదికి పోతాయి. హార్ట్‌వర్క్స్, వైమెడిక్స్ లాంటివాటిలో రబ్బరు మొండెం, ఉత్తుత్తి ప్రోబ్ ఉంటాయి. ప్రోబ్‌ను ఎటు వంచామో సెన్సర్ కంప్యూటరుకు చెబుతుంది. తెర మీద ఒకపక్క స్కాన్ బొమ్మ, మరోపక్క త్రీడీ గుండె, దాన్ని మనం కోస్తున్న చోటు. ఈ రెండోది అసలు యంత్రంలో దొరకదు. కావలసిన జబ్బునూ ఎక్కించుకోవచ్చు. కీళ్లజ్వరం వచ్చిపోయాక మైట్రల్ కవాటం బిగుసుకుని హాకీ కర్రలా వంగడం చూడటానికి పరీక్షల కాలంలో రోగి దొరికేదాకా ఆగక్కర్లేదు.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎకోకు ఆద్యులైన ఎడ్లర్, హెర్ట్జ్ లోహంలో పగుళ్లు పట్టే యంత్రాన్ని అరువు తెచ్చి గుండెకు ఆనించినప్పుడు వాళ్లకు నేర్పేవాళ్లే లేరు. మన విద్యార్థికి ఆ అవస్థ ఎందుకు?

ఇంకో సంగతి. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం వల్ల స్కానింగ్ యంత్రానికి రిజిస్ట్రేషన్, రికార్డులు తప్పవు. తప్పకూడదు కూడా. సిమ్యులేటర్‌లో అసలు తరంగాలే పుట్టవు, కాబట్టి హాస్టల్ గదిలోనైనా సాధన చేసుకోవచ్చు.

లోటు లేకపోలేదు. బొమ్మ ఆయాసపడదు, పసిబిడ్డలా గింజుకోదు. బొమ్మ మీద ఆరితేరినవాడు మనిషి దగ్గర మళ్లీ నేర్చుకోవాల్సిందే, అదీ పెద్ద డాక్టరు పక్కనుండగా. పైగా మొండెంతో సహా కొనాలంటే లక్షల్లో మాట.

టొరంటో జనరల్ ఆస్పత్రి బృందం చేసిన వర్చువల్ ఎకో పాఠాలు మాత్రం ఇంటర్నెట్‌లో ఉచితం. వాటితో చెయ్యి కాదుగానీ కన్ను తయారవుతుంది. 1956 నాటి కర్నూలు మెడికల్ కాలేజీ, 2006లో కడప దగ్గర పుట్లంపల్లెలో వెలసిన రిమ్స్ కాలేజీ కలిసి ఒక్క మొండెం కొని, చెరో ఆర్నెల్లు వాడుకోవచ్చు. ప్రిన్సిపాళ్లు ఆ దస్త్రం కదపాలి. అది కదిలేలోగా విద్యార్థులారా, ఉచిత పాఠం ఈ రాత్రే తెరవండి.