మనసు డాక్టరు దగ్గరకు ముస్తాబు

జ్వరం వచ్చిన మనిషిని డాక్టరుకు చూపించేటప్పుడు ఎవరూ ముస్తాబు చేయరు. కప్పుకున్న దుప్పటితోనే ఆటో ఎక్కిస్తారు. మానసిక వైద్యుని దగ్గరకైతే మాత్రం ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఆడవారైతే మంచి చీర, తలలో పూలు. "పిచ్చివాళ్ళలా కనబడకూడదు" అన్నదే ఇంటిల్లిపాదికీ తాపత్రయం. రోగి భయాలు రోగివి. ఎక్కడ ఆసుపత్రిలో చేర్చుకుంటారో, ఎక్కడ మాత్రలు పెంచుతారో! పైగా మనలాగ బయటి రాష్ట్రాల్లో ఉన్నవారికి ఊళ్ళోని తెలుగు కుటుంబాలన్నీ పరిచయమే. అక్కడ ఎవరైనా చూస్తే పిల్లల సంబంధాలు ఏమవుతాయోనని దిగులు.

ఇంతకూ డాక్టరు చూసేదేమిటి? మానసిక స్థితి పరీక్షలో మొదటి అంశం మనిషి వాలకమే. దుస్తులు, శుభ్రత, కూర్చున్న తీరు గమనిస్తారు. తరువాత మాట, ఆలోచన, జ్ఞాపకం, తన జబ్బును గురించి తనకున్న ఎరుక. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు ఉన్నాయేమో చూడటానికి రక్తపరీక్ష చేయిస్తారు గాని, కుంగుబాటును నేరుగా పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. స్నానం మీద, బట్టల మీద శ్రద్ధ పోవటం కుంగుబాటులోనూ స్కిజోఫ్రేనియాలోనూ కనబడే గుర్తు. మేనియాలో కొందరు మితిమీరి అలంకరించుకుంటారు. ఆ గుర్తులను మనమే ఇంట్లో తుడిచేసి తీసుకువెళుతున్నాము.

మా బ్యాంకుల్లో దీనికొక పేరుంది, విండో డ్రెస్సింగ్. మార్చి 31 నాటికి డిపాజిట్లు నిండుగా చూపించి, ఏప్రిల్ మొదటి వారంలో ఖాళీ చేయటం. ఆడిటరు లోపలి పద్దులు అడుగుతాడు. డాక్టరుకు ఆ పద్దులు చెప్పవలసింది మనమే.

బెంగళూరులో మా బంధువులావిడ పట్టుచీరతో వెళ్ళి, అడిగినవాటికి చక్కని కన్నడంలో "చెన్నాగిదీని" అని చెప్పి వచ్చేది. మెరుగైందనుకుని డాక్టరు మాత్ర తగ్గించారు. మరుసటిసారి కోడలు నోరు విప్పింది. "డాక్టరుగారూ, మా అత్తయ్యగారు స్నానం చేసి తొమ్మిది రోజులైంది. ఈ పొద్దున నేనే పోసి, ఈ చీర నేనే కట్టాను." ఆయన కలం పక్కన పెట్టి మొదటి నుంచి అడిగారు. మందు మారింది. రెండు నెలలకు ఆవిడ తన జడ తాను వేసుకుంది.

అలాగని మాసిన బట్టలతో వెళ్ళమని కాదు. శుభ్రంగా తయారవటమే కొందరికి ధైర్యం. బాగా తయారై వెళితే తమ బాధను నమ్మరేమోనని భయపడేవారూ ఉన్నారు. ఇద్దరికీ మార్గం ఒకటే, నోటితో చెప్పటం. వారం రోజుల నిద్ర, తిండి, స్నానం, మాత్రలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రోగిని అడిగి, వారి ఎదుటే ఇంటివారొకరు చెప్పండి. తెలుగు వచ్చిన డాక్టరుంటే తెలుగులోనే మాట్లాడండి. దుఃఖం చెప్పుకోవటానికి అమ్మభాష కావాలి.

ఆసుపత్రి భయం ఉన్నవారికి ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చేరవలసి వచ్చినా సొంత బట్టలు కట్టుకునే హక్కు ఉంది. యూనిఫారం తొడుక్కోమని బలవంతం చేయరాదు, బలవంతాన గుండు గీయరాదు. ముందుగా ఫోనులో మాట్లాడదలిస్తే 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మంచి చీరే కట్టండి. అది కట్టుకోవటానికి ఎంతసేపు పట్టిందో, ఎవరు కట్టారో డాక్టరుగారికి చెప్పండి.