నేరేడు గింజలో ఔషధమెంత?

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి జల్లులు పడగానే గోదావరిఖని బజారులో నేరేడు పండ్ల గంపలు కనిపిస్తాయి. వెలగపండుతో పాటు విఘ్నేశ్వరునికి ప్రీతిపాత్రమైనదిగా స్తుతులలో చోటు పొందిన ఫలమిది. అయితే నేడు దానిని కొనేవారిలో పెక్కుమంది అనే మాట ఒక్కటే: "షుగరుకు మంచిదట." పండ్లు తిని, గింజలను ఎండబెట్టి, దంచి, సీసాలకెత్తి బంధువులకు పంచేవారిని నేనెరుగుదును. ఈ బొగ్గు గనుల ప్రాంతంలో మందులు అందించే వృత్తిలోనే నా ఉద్యోగకాలం గడిచింది. దర్శనానికి వచ్చినవారు సైతం మంటపంలో నన్ను కూర్చోబెట్టి అడుగుతుంటారు: "చూర్ణం వాడుతున్నాము కదా, మాత్రలు మానవచ్చునా?"

మానరాదు. కారణం వివరిస్తాను.

నేరేడు గుణమంతా కల్పితమనడం అన్యాయమే అవుతుంది. తొక్కకు ఆ ముదురు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు, నాలుకను పట్టి ఉంచే వగరునిచ్చే టానిన్లు, గింజలోని ఎలాజిక్ ఆమ్లం శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించిన పదార్థాలే. గింజల సారం పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముల వేగాన్ని తగ్గిస్తుందని ప్రయోగశాలలో గమనించారు. ఆయుర్వేదం జంబూబీజాన్ని ప్రమేహ చికిత్సలో వాడింది. ఉసిరికను పసుపుతో కలిపి ఇచ్చే పద్ధతి అష్టాంగహృదయంలోనే ఉన్నది.

కాని పరీక్షనాళికలో కనిపించిన బలం మానవదేహంలోనూ కనిపించాలన్న నియమం లేదు. బ్రెజిల్ దేశంలో నేరేడు ఆకుల కషాయం మధుమేహానికి ఇంటివైద్యంగా ప్రసిద్ధం. అక్కడి పరిశోధకులు దానిని రోగులకిచ్చి పద్ధతి ప్రకారం పరీక్షించగా చక్కెర తగ్గలేదు. ఆకు వేరు, గింజ వేరు, నిజమే. అయినా మన ఇంట దంచిన చూర్ణం చెంచాడులో పనిచేసే పదార్థం ఎంత ఉన్నదో కొలిచేదెవరు? చెట్టును బట్టి, పండు పక్వాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి అది మారుతూనే ఉంటుంది.

మొక్కలోని పదార్థం మాత్రగా మారడానికి ఎంత కాలం పడుతుందో ఆపిల్ చెట్టును చూస్తే తెలుస్తుంది. 1835లో ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు ఆ చెట్టు బెరడు నుండి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. అది చక్కెరను మూత్రం ద్వారా వెలుపలికి పంపుతుందని 1886లో జర్మన్ వైద్యుడు వాన్ మేరింగ్ గుర్తించారు. అయితే నోటి ద్వారా తీసుకొంటే ఫ్లోరిజిన్ చాలావరకు పేగులలోనే విచ్ఛిన్నమవుతుంది. దాని నిర్మాణాన్ని మార్చి రూపొందించిన డపాగ్లిఫ్లోజిన్ మాత్రకు ఐరోపాలో అనుమతి లభించినది 2012లో. ఆపిల్ పండ్లు ఎన్ని తిన్నా ఆ మాత్ర చేసే పని జరగదు.

ఇక బాయి పని సంగతి. గనిని ఇక్కడివారు బాయి అనే అంటారు. మాత్రలు మాని చూర్ణాన్నే నమ్ముకొన్న కార్మికునికి చక్కెర పెరిగిన జాడ త్వరగా తెలియదు. ఓపెన్‌కాస్టులో పనిచేసేవాడు దాహాన్ని రామగుండం ఎండల ఖాతాలో వేస్తాడు. పాదాలలో స్పర్శ తగ్గినవానికి బూటులో దూరిన రాతిముక్క తెలియదు. పుండు పెద్దదైన తరువాతనే ఇంటివారి కంటబడుతుంది. ప్రతి షిఫ్టు ముగిసిన వెంటనే పాదాలను, వేళ్ల సందులను చూసుకొనే అలవాటు ఏ చూర్ణం కన్నా విలువైనదని నా అభిప్రాయం.

మాత్రలు మానకుండానే చూర్ణం చేర్చి, ఆపై ఏకాదశి ఉపవాసముండి, రాత్రి షిఫ్టుకు దిగేవారికి వేరొక అపాయమున్నది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ కడుపు ఖాళీగా ఉన్నా తమ పని మానవు. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, మతి తికమక కలుగుతాయి. భూగర్భంలో ఆ ఉక్కకు చెమట పట్టనివాడెవడు? తోటివారు అలసట అనుకొంటారు. డంపరు నడిపేవాడికైతే క్షణకాలపు తికమకే చాలు. కనుక ఉపవాసం చేయదలచినవారు ముందురోజే వైద్యుని కలిసి మాత్రల మోతాదు సరిచేయించుకోవాలి.

పండును పండుగా తినడానికి అభ్యంతరం లేదు. గుప్పెడు నేరేడు పండ్లు, ఒక జామకాయ మధుమేహులకు సాధారణంగా తగినవే. వంద గ్రాముల జామలో సుమారు 5 గ్రాముల పీచు ఉంటుంది. అది చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. రసం తీసి వడగడితే ఆ పీచే పోతుంది. ఫలదానం చేసే దాతలు అరటి గెలలకు తోడుగా జామను తలచుకొంటే బాగుండును. చక్కెర పొంగలి ప్రసాదాన్ని కళ్లకద్దుకొని చిటికెడు స్వీకరించినా లోపం లేదు.

గింజల చూర్ణం వాడితీరాలనుకొనేవారు ముందుగా వైద్యునికి చెప్పి, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోవాలి. మూడు నెలల తరువాత మళ్లీ చేయించి పోల్చుకోవాలి. ఈలోగా మాత్రలలో సొంత మార్పులు కూడదు. గనిలోకి వెళ్లేటప్పుడు దంచిన పటికబెల్లమో చక్కెరో జేబులో ఉంచుకొని, వణుకు మొదలుకాగానే సుమారు 15 గ్రాములు, అనగా మూడు చిన్న చెంచాలు నిండుగా తినాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ అంతే. వోగ్లిబోస్ వంటి మాత్రలు వాడేవారికి చక్కెర ఆలస్యంగా పనిచేస్తుంది గనుక వారు గ్లూకోజు పొడినే ఉంచుకోవాలి. స్పృహ తప్పినవాని నోటిలో మాత్రం ఏమీ వేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.