రాతిపై జీవం, చీటీపై చరిత్ర

లైకెన్ ఒకే జీవి కాదు. ఒక శిలీంధ్రమూ, సూర్యకాంతితో ఆహారం తయారుచేసే శైవలం గానీ సైనోబాక్టీరియా గానీ కలిసి నిర్మించుకున్న సహజీవన రూపం. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. వేర్లు లేని లైకెన్ వాననీటినీ మంచుతేమనూ ఒంటితోనే పీల్చుకుంటుంది, ఎండిపోయినప్పుడు జీవక్రియలను దాదాపుగా ఆపివేసి తడి తగలగానే మళ్లీ మొదలుపెడుతుంది; అందుకే మొక్కలు నిలదొక్కుకోలేని ఎడారి బండలపైనా, శీతల శిఖరాలపైనా అది బతకగలుగుతుంది.

అమెరికా, మెక్సికోలలో విస్తరించిన సొనోరా ఎడారి ఇందుకు గొప్ప నిదర్శనం. అక్కడ అరిజోనాలోని టూసాన్ నగరం పక్కన మౌంట్ లెమన్ పాదం వద్ద సగ్వారో అనే ఎత్తైన కాక్టస్‌లు పెరుగుతుంటే, 2,700 మీటర్లకు పైబడిన శిఖర ప్రాంతాన్ని శృంగాకార వృక్షాల అడవి కప్పి ఉంటుంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే లైకెన్ జాతులు కూడా మారిపోతాయి. కనుక నమూనాతోపాటు సేకరించిన చోటి అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, సేకర్త పేరు, సేకరణ సంఖ్య చీటీపై రాయడంతో పని పూర్తికాదు. అది సున్నపురాయిపై పెరిగిందా, గ్రానైట్‌పై పెరిగిందా, బండ ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నవీ రాయాలి. ఈ వివరాలు లేని నమూనా ఎంత అందమైనదైనా శాస్త్రానికి ఉపయోగపడేది స్వల్పమే.

రాతికి పెచ్చులా అంటుకున్న జాతులను ఉలి, సుత్తితో రాతిముక్కతో సహా తీసి, గాలికి ఆరబెట్టి, మడిచిన కాగితపు పొట్లాల్లో భద్రపరుస్తారు. ఇలాంటి జాతులు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరైనా పెరగవు కాబట్టి కొంత భాగం మాత్రమే తీసి, మిగిలినదాన్ని వదిలిపెట్టడం సేకర్త తప్పనిసరిగా పాటించవలసిన మర్యాద.

గుర్తింపు హెర్బేరియంలో, అంటే ఎండు నమూనాల భాండాగారంలో జరుగుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్, బ్లీచింగ్ ద్రావణం వంటివాటిని చుక్క చొప్పున వేసి రంగు మార్పును గమనించే పద్ధతిని 19వ శతాబ్దంలోనే విలియం నిలాండర్ ప్రవేశపెట్టాడు; నేడు దానికి సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాల పరిశీలన, డీఎన్ఏ విశ్లేషణ తోడయ్యాయి. థామస్ నాష్ తదితరుల సంపాదకత్వంలో 2002, 2004, 2007లలో మూడు సంపుటాలుగా వెలువడిన సొనోరా లైకెన్ల గ్రంథానికి ఇలాంటి పొట్లాలే ఆధారం.

తర్వాతి పరిశోధకుడు నమూనాకు వేరే పేరు నిర్ణయిస్తే పాత చీటీని తీసివేయడు. తన పేరు, తేదీతో కొత్త చీటీని దాని పక్కన చేరుస్తాడు.