పండ్రెండక్షరముల దీవిలో పదునైదేండ్ల బోధకుడు

హవాయి దీవుల భాషకు అక్షరములు 12 మాత్రమే. అచ్చులు అయిదు, హల్లులు ఏడు. మన బాలుడు పలకపై అచ్చుల వరుస ముగించునంతలో అక్కడి బాలుడు అక్షరాభ్యాసమంతయు ముగించి పుస్తకము చేతబట్టవచ్చును. 1820లో అమెరికా నుండి ఓడలో వచ్చిన ప్రొటెస్టంటు బోధకులు, అంతవరకు లిపి లేని ఆ భాషను చెవితో విని లాటిను అక్షరములలో పెట్టినారు. ఏ ధ్వనికి ఏ గుర్తు నిలువవలెనన్న తగవును 1826లో తమలో తాము ఓట్లు వేసికొని తీర్చుకొన్నారు. ఒకే మాటను కొందరు ‘త’కారముతోను కొందరు ‘క’కారముతోను పలుకుచుండగా ‘క’కారము గెలిచినది. ‘ర’, ‘ల’ల పోటీలో ‘ల’కారము నిలిచినది. గొంతులో తటాలున ఆగి వెలువడు ధ్వని యొకటి ఆనాడు అక్షరముల జాబితా కెక్కలేదు. నేడు దానిని కూడ చేర్చి 13 అని చెప్పుచున్నారు. మన పెద్దలు గ్రాంథిక వ్యావహారిక వివాదమును ఈ విధముగా ఓట్లతో తేల్చుకొని యున్నచో ఎంత కాగితము మిగిలెడిదో కదా!

తెలుగువానికి ఆ భాషతో ఒక చుట్టరికము తోచును. అందు ప్రతి మాటయు అచ్చుతోనే ముగియును. మావుయి, లానాయి, మొలొకాయి, హొనొలులు - ఏ పేరు తీసికొన్నను చివర హల్లు నిలువదు. మనది అజంత భాష యని మనము గర్వింతుము; నడి సముద్రమున, భూమికి ఆవలి వైపున, మన భాషతో ఏ సంబంధమును లేని మరియొక అజంత భాష కలదని ఎరిగినవారు కొద్దిమంది. జోసెఫ్ అను ఆంగ్ల నామము ఆ భాషలో ‘యోసెపా’ అయినది. మన బైబిలులో అదే పేరు ‘యోసేపు’. ఆ 12 అక్షరములలో ‘స’కారము లేదు, పరదేశపు పేర్ల కొరకు, ముఖ్యముగా బైబిలు పేర్ల కొరకు, దానిని అరువు తెచ్చుకొన్నారు. ఆ అరువు అక్షరముతోనే ఒక పదునైదేండ్ల బాలునికి అచట ఒక తల్లి పేరు పెట్టినది. ఇది ఆ బాలుని కథ.

జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1838 నవంబరు 13న అమెరికాలోని మిసౌరీ రాష్ట్రమున పుట్టినాడు. 1830లో స్థాపింపబడిన ‘యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘము’నకు, అనగా లోకము మోర్మనులని పిలుచు సంఘమునకు, మూలపురుషుడైన జోసెఫ్ స్మిత్ ఇతనికి పినతండ్రి. ఆ సంఘపు శాఖలు నేడు హైదరాబాదు, రాజమహేంద్రవరము, విశాఖపట్నములలో కూడ కలవు. 1844లో కార్తేజి పట్టణపు చెరసాలపై గుంపు విరుచుకొనిపడి పినతండ్రిని, తండ్రి హైరంను కాల్చి చంపినది. అప్పటికి పిల్లవానికి ఆరేండ్లు కూడ నిండలేదు. తల్లి మేరీ ఫీల్డింగ్ ఎడ్లబండ్లు కట్టించి, మైదానములను, కొండలను దాటి, 1848లో సాల్టులేకు లోయకు చేరినది. పిల్లవాడు దారి పొడవున ఎడ్లను తోలినాడు. 1852లో ఆ తల్లియు కన్నుమూసినది.

తల్లిదండ్రులు లేని ఆ పిల్లవానికి మిగిలినది కోపమొక్కటే అని చెప్పవచ్చును. ఒకనాడు బడిలో ఉపాధ్యాయుడు తోలుపట్టె తీసి, అతని చెల్లెలు మార్తా ఆన్‌ను చేయి చాపుమన్నాడు. ఆమెను కొట్టవద్దని అన్న అడ్డుపడినాడు. ఉపాధ్యాయుడు అతనిపైకి వచ్చినాడు. దెబ్బలు తిన్నది మాత్రము ఉపాధ్యాయుడే. శిష్యునిచేత తన్నులు తిన్న గురువును తలచి మన ఉపాధ్యాయ లోకము నొచ్చుకొనుట సహజము. అయినను తోలుపట్టె ముందు చేయి చాపి నిలిచినది తల్లిలేని పిల్ల యన్న మాటను కూడ మరువరాదు. దానితో బాలుని చదువు ముగిసినది. కొద్ది కాలమునకే, 1854 ఏప్రిలులో, సంఘపు మహాసభలో అతని పేరు చదివి, హవాయి దీవులకు బోధకుడుగా పొమ్మన్నారు. బడినుండి వెడలగొట్టిన పిల్లవానిని వేదిక నెక్కించుట పెద్దల వివేకమో, వదిలించుకొను ఉపాయమో చెప్పలేము. రెండును కొంత కొంత కావచ్చును.

ఆ సంఘమున బోధకులకు జీతము లేదు. పోవు ఖర్చు కూడ తామే చూచుకొనవలెను. బాలుడు కాలిఫోర్నియా చేరి, ఇంటి కప్పులకు వేయు చెక్కపలకలు కోయు మిల్లులో కూలిచేసి, ఓడకూలి కూడబెట్టుకొన్నాడు. 1854 సెప్టెంబరు చివర హొనొలులులో దిగినాడు. అతనిని మావుయి దీవిలో, హలెయాకలా అగ్నిపర్వతపు వాలున నున్న కూలా అను చోట విడిచినారు. తోటివారు తమ తమ చోట్లకు వెడలిపోయినారు. భాష రాదు. చేతిలో డబ్బు లేదు. అంతలో జ్వరము పట్టుకొన్నది.

అప్పుడు మహుహీ అను స్థానిక స్త్రీ అతనిని తన ఇంట చేర్చుకొని, కన్నకొడుకువలె సాకినది. మాట తెలియని రోగికి మాట తెలియని స్త్రీ చేసిన ఆ ఉపచారమే అతనికి తొలి వాచకమైనది. ఆకలి, నీళ్లు, నొప్పి, నిద్ర - ఏ భాషయైనను మొదట నేర్వదగినవి ఈ మాటలే. వ్యాకరణము తరువాత వచ్చును. దీవిలో అడుగిడిన సుమారు 100 దినములకు అతడు ఆ భాషలో ప్రార్థించుటకు, బోధించుటకు శక్తుడైనాడు. అతడు దానిని దైవానుగ్రహ మన్నాడు. భాషలు బోధించువారు మహుహీకి కూడ అందు భాగమిత్తురు.

భాష విషయమున అతని సంఘమువారు అంతకు ముందే ఒక పరీక్షను ఎదుర్కొన్నారు. 1850 డిసెంబరులో వచ్చిన తొలి పదిమందిలో కొందరు, తెల్లవారు వినకపోయినచో మన పని తీరినట్లే యని చెప్పి తిరుగుముఖము పట్టినారు. జార్జి క్యు. కేనన్ అను యువకుడు మాత్రము, ఈ దీవుల ప్రజలకొరకు గదా వచ్చితిమని నిలిచి, వారి నుడి నేర్చుకొని, జోనతానా నపేలా అను స్థానికుని సాయముతో మోర్మను గ్రంథమును హవాయి భాషలోనికి తెచ్చినాడు. అది 1855లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయినది. నపేలా చదువుకొన్నవాడు, న్యాయాధికారిగా పనిచేసినవాడు. కాలాంతరమున అతని భార్యకు కుష్ఠు సోకి, 1873లో ఆమెను మొలొకాయి దీవిలోని రోగుల వలసకు పంపగా, అతడు ఆమె వెంట స్వయముగా వెళ్లి, తుదకు తానును అదే రోగముతో 1879లో అచటనే మరణించినాడు. ఆ వలసలో సేవచేసి కీర్తిగాంచిన ఫాదర్ డేమియను పేరు మన పాఠపుస్తకముల కెక్కినది. నపేలా పేరు ఎక్కలేదు.

బాలుడు ఆ దీవులలో మూడేండ్లు తిరిగినాడు. మావుయి, హవాయి, మొలొకాయి, లానాయి - చాలభాగము కాలినడక. ఎవరు పెట్టిన అది తినుట, ఎక్కడ చాప పరచిన అక్కడ పండుకొనుట. అచటి వారి తిండి ‘పోయి’. అది మన చేమదుంపయే. ఉడికించి, దంచి, నీళ్లుపోసి జావగా చేయుదురు. ఒకటి రెండు దినములు పులియనిచ్చి తినుట కద్దు. ఒక వ్రేలితో తీసికొనగలిగినంత చిక్కనిదా, రెండు వ్రేళ్లు కావలెనా, మూడా అని దాని పలుచదనమును వ్రేళ్లతో కొలుతురు. తరవాణి ఎరిగిన మన పల్లెలవారికి అది వింతగా తోచదు గాని, రొట్టెకు అలవాటుపడిన పిల్లవానికి కంటనీరు తెప్పించియుండును.

1856లో లానాయిలో ఒక ఇల్లు తగులబడి అతని పెట్టె, బట్టలు, దినచర్య పుస్తకములు బూడిదయైనవి. అటుపిమ్మట కొంతకాలము అతనికిని తోటివానికిని కలిపి ఒక జత మంచి బట్టలే ఉండెడివనియు, ఒకడు సభకు పోయినప్పుడు రెండవవాడు దుప్పటిలో దాగి యుండెడివాడనియు చెప్పుదురు. మిగిలిన 1856, 57ల దినచర్యలు నేడు అచ్చులో లభించుచున్నవి. భక్తుల జీవితచరిత్రలలో కనబడు ఆ నిర్మలమైన యువకుడు వానిలో కనబడడు. విసుగు, ఒంటరితనము, ద్వీపవాసుల అలవాట్లపై కటువైన మాటలు కనబడును. అవి చదువుటకు కష్టముగనే ఉండును. ఆదరించి అన్నము పెట్టినవారిని గూర్చి అట్లు వ్రాయదగునా? కాని ఆ వ్రాసినవాడు పదునెనిమిదేండ్లవాడు. రెండేండ్లుగా ఇల్లు చూడనివాడు. ఇంటినుండి అతనికి అందెడిది చెల్లెలి ఉత్తరమే. బడిలో ఎవరి చేతిని కాపాడినాడో ఆ మార్తా ఆన్‌కును అతనికిని నడుమ అప్పుడు మొదలైన ఉత్తరములు అరువది యేండ్లకు పైగా సాగినవి.

అతడు చూచిన సమాజము కూడ సుఖముగా లేదు. 1832లో సుమారు 130,000గా ఉండిన ఆ దీవుల జనసంఖ్య 1853 నాటికి 73,000కు పడిపోయినది. ఓడలు తెచ్చిన వ్యాధులు జనమును తుడిచిపెట్టుచుండెను. 1853లో మశూచి వేలమందిని బలిగొన్నది. విసుగుతో వ్రాసిన పిల్లవాడు అలసటయని, నిరాసక్తియని దేనినన్నాడో, అది చాలవరకు శోకమే అయి యుండవచ్చును.

1857లో అమెరికా ప్రభుత్వము యూటాపైకి సైన్యమును పంపినది. సంఘాధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ దూరదేశములలోని బోధకులను వెనుకకు రమ్మన్నాడు. అక్టోబరులో పందొమ్మిదేండ్లు నిండవచ్చిన జోసెఫ్ హొనొలులులో ఓడ ఎక్కినాడు. పిలిచినప్పుడు వచ్చినాడు, రమ్మన్నప్పుడు పోయినాడు. అతనివరకు పని ముగిసినది. దారిలో, కాలిఫోర్నియాలో, మోర్మనులను చంపుదుమని తుపాకులతో తిరుగు ముఠాలో ఒకడు నీవు మోర్మనువా యని అడుగగా, అవును, నఖశిఖపర్యంతము మోర్మనునే అను అర్థము వచ్చునట్లు జంకులేక బదులు చెప్పినాడట. అడిగినవాడు చేయి కలిపి పోయినాడు. 1858 ఫిబ్రవరిలో యువకుడు ఇల్లు చేరినాడు.

అయితే అతని పని ముగిసినది గాని, దీవులవారి పని ముగియలేదు. బోధకులందరు వెడలిపోగా మంద కాపరి లేనిదైనది. ఆ సందున 1861లో వాల్టర్ మర్రే గిబ్సన్ అను మాటకారి వచ్చి, నేనే మీ నాయకుడనని నమ్మించి, సంఘపు పదవులను డబ్బుకు అమ్మి, ఆ బీదలు కూడబెట్టిన సొమ్ముతో లానాయిలో కొన్న భూమిని తన పేర వ్రాయించుకొన్నాడు. దిక్కుతోచని స్థానికులు సాల్టులేకు ఉత్తరము వ్రాసినారు. 1864లో విచారణకు వచ్చిన పెద్దలతో, ఆ భాష తెలిసినవాడు గనుక, జోసెఫ్ మరల వచ్చినాడు. గిబ్సన్‌ను సంఘమునుండి వెలివేసినారు; భూమి మాత్రము తిరిగి రాలేదు. గిబ్సన్ తరువాత హవాయి రాజుకు ప్రధానమంత్రియు అయినాడు. సంఘమువారు 1865లో ఒయాహు దీవిలోని లాయియే వద్ద 6,000 ఎకరములను 14,000 డాలర్లకు కొని క్రొత్త నెలవు కట్టుకొన్నారు. బహుభార్యాత్వమును శిక్షించు 1882 నాటి చట్టమునకు జడిసి, 1885 మొదలు 1887 వరకు జోసెఫ్ తలదాచుకొన్నది ఆ లాయియేలోనే. రక్షింపవచ్చిన దీవియే అతనిని రక్షించినది.

1889లో కొందరు హవాయి భక్తులు యూటాలోని స్కల్ వేలీ అను ఎండు లోయలో ఒక ఊరు కట్టుకొని దానికి ‘యోసెపా’ అని పేరు పెట్టినారు. లాయియేలో దేవాలయ నిర్మాణము ఆరంభమైన పిమ్మట వారు ఒక్కొక్కరే స్వదేశమునకు మరలగా, 1917 నాటికి ఆ ఊరు పాడుపడినది. శ్మశానము మిగిలినది. ఆ దేవాలయపు స్థలమునకు 1915లో ప్రతిష్ఠ చేసినవాడు జోసెఫే. అప్పటికి ఆయన సంఘాధ్యక్షుడు. 1901 నుండి 1918లో మరణించు వరకు ఆ పదవిలో ఉన్నారు.

అధ్యక్షుడైన పిమ్మట ఆయన దీవులకు వచ్చిన ఒకమారు జరిగిన దానిని వెంటనున్న మిత్రుడు చార్లెస్ నిబ్లీ వ్రాసియుంచినాడు. రేవున పూలదండలతో జనము క్రిక్కిరిసి యుండగా, తొంబదియేండ్లదిగా కనబడు ఒక గ్రుడ్డి ముసలమ్మను ఎవరో చేయిపట్టి నడిపించుకొని వచ్చుచున్నారు. ఆమె ‘యోసెపా, యోసెపా’ అని పిలుచుచున్నది. వృద్ధాధ్యక్షుడు జనమును చీల్చుకొని పరుగెత్తి, ఆమెను కౌగిలించుకొని, అమ్మా అమ్మా అని తల నిమిరినాడు. పిదప కన్నీటితో నిబ్లీ వైపు తిరిగి, నేను దిక్కులేని పిల్లవాడనై జ్వరముతో పడియున్నప్పుడు నన్ను తన ఇంట చేర్చుకొన్నది ఈమెయే యని చెప్పినాడు. మహుహీ చేతిలో కొన్ని అరటిపండ్లు ఉన్నవి. ఆయన కొరకు ఏరి తెచ్చినవి. ఇచ్చుటకు ఆమెకు మరేమియు లేదు.