వయోవివక్ష

సత్తా చూడకుండా వయసు చూసి మనిషిని పక్కనపెట్టడమే వయోవివక్ష. 1969లో అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ దీనికి పేరుపెట్టారు. ముసలివాళ్లు తప్పుకోవడం సహజమని 1961లో సామాజిక పరిశోధకులు ఎలైన్ కమింగ్, విలియం హెన్రీ అన్నారు. తప్పుకోరు, తప్పిస్తారన్నది సమాజశాస్త్రంలోని సంఘర్షణవాదుల మాట. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. మచిలీపట్నంలో రిటైరైన గుమాస్తాకు ఉద్యోగ పింఛనుంది. దివిసీమలో జీవితమంతా వంగి నాట్లేసిన కూలీ నడుం పట్టేస్తే ముఠా పిలవదు, ఏ రైతూ పింఛనివ్వడు. 2024 జులై నుంచి రాష్ట్రమిచ్చే నెలకు 4,000 రూపాయలే ఆధారం. (కేంద్ర వృద్ధాప్య పింఛను పథకంలో 79 ఏళ్ల దాకా వచ్చేది 200!) గుడివాడలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో డబ్బుంటుంది, పలకరించేవాళ్లే ఉండరు. కన్నవాళ్లను పిల్లలు పోషించకపోతే 2007 చట్టం కింద ఆర్డీవో కార్యాలయంలో అర్జీ పెట్టుకోవచ్చు.